మరపు వచ్చిన ఇంట దాంపత్య ధర్మం

(అక్టోబరు 1, అంతర్జాతీయ వయోవృద్ధుల దినోత్సవం సందర్భంగా ట్రస్టు కల్యాణ మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మండపంలో భారత భాగవతాలను గురించి మాట్లాడే భాగ్యం నాకు పలుమార్లు లభించింది. ఈసారి ధర్మకర్తలు 'వార్ధక్యం' అనే విషయాన్ని సూచించారు. వార్ధక్యాన్ని గురించి చెప్పుకోవలసినవి ఎన్నో ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నాయి, మందగించిన చూపు ఉంది, దూరదేశాలలో స్థిరపడిన సంతానం ఉంది. వాటినన్నింటినీ ప్రక్కన ఉంచి ఒక్క విషయాన్నే మీతో విచారించదలచాను. ఏభై ఏళ్ళు కలిసి కాపురం చేసిన దంపతులలో ఒకరికి మరపు వ్యాధి వచ్చి, రెండవవారిని గుర్తించలేని స్థితి ఏర్పడితే ఆ దాంపత్యం ఏమవుతుంది? ఆ రెండవవారి ధర్మమేమిటి?

నాకు 76 ఏళ్ళు. ప్రాచ్య కళాశాలలో వ్యాకరణము, సాహిత్యము బోధించి విశ్రాంతి తీసుకొన్నవాడిని. మాకు వివాహమై 52 ఏళ్ళయింది. నా సహధర్మచారిణికి ఆరేళ్ళ క్రితం ఈ వ్యాధి ఆరంభమైంది. మొదట పొయ్యి మీద పాలు మరచిపోవడం, తరువాత చుట్టాల పేర్లు, ఆ తరువాత ఇంటి దారి. ఇప్పుడు నన్ను 'పంతులుగారూ' అని పిలుస్తుంది. సాయంకాలం వేళ వీధి అరుగు మీద కూర్చుని, "మా వారు కళాశాల నుంచి ఇంకా రాలేదు, మీరు లోపలికి వచ్చి కూర్చోండి" అని నాతోనే అంటుంది. నేను వెళ్ళి కూర్చుంటాను. ఈ సంగతి మీ జాలి కోరి చెప్పడం లేదు. ఈ సభలో ఇటువంటి ఇళ్ళ నుంచి వచ్చినవారు ఉన్నారనీ, వారు ఎవరికీ చెప్పుకోలేక ఉన్నారనీ ఎరిగి చెబుతున్నాను.

ముందుగా వైద్యులు చెప్పే మాట విందాము. దీనిని వారు డిమెన్షియా అంటారు. ఇది ఒక్క వ్యాధి పేరు కాదు, మెదడు క్రమంగా క్షీణించే అనేక వ్యాధులకు కలిపి పెట్టిన పేరు. వాటిలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది ఆల్జీమర్స్ వ్యాధి. జర్మనీ దేశపు వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్ 1906లో తొలిసారి దీనిని వైద్యసభలో వివరించినందువల్ల ఆ పేరు వచ్చింది. మెదడులోని రక్తనాళాలు దెబ్బతిన్నందువల్ల వచ్చేది మరొక రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లోకమంతటా ఐదున్నర కోట్ల మందికి పైగా ఈ స్థితిలో ఉన్నారు. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉన్నదని 2023లో ప్రచురితమైన అంచనా చెబుతున్నది. కాబట్టి ఇది ఏ ఒక్క ఇంటి రహస్యమూ కాదు.

మన పల్లెలలో దీనిని 'చాదస్తం' అనీ, 'వయసు మీద పడింది' అనీ అని ఊరుకుంటారు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం వయస్సుకు సహజం. ఆ తాళంచెవి ఎందుకో తెలియకపోవడం వ్యాధి. ఈ భేదాన్ని గుర్తించి వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాలి. ఎందుకంటే థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మానసిక కుంగుబాటు వంటి కారణాల వల్ల కూడా ఇటువంటి మరపు కలుగుతుంది. చికిత్స చేస్తే అటువంటి మరపు తగ్గవచ్చు. 'ముసలితనమే కదా' అని ఇంట్లో కూర్చోబెట్టడం వల్ల నయం కాగలిగినది కూడా నయం కాకుండా పోతుంది.

మన ప్రాంతానికి సంబంధించిన ఒక మంచి విషయం కూడా చెబుతాను. హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం ఈ వ్యాధి ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒక్క భాషే తెలిసినవారి కంటె రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా కనిపించాయట. చదువు రానివారిలో కూడా ఈ భేదం కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన వీధులలో పెరిగినవారికి అది అప్రయత్నంగా లభించిన రక్ష. మనవలతో ఇంగ్లీషు మాట్లాడుతూ, వారికి తెలుగు నేర్పే తాతలకు నేను చెప్పేది ఒక్కటే. ఆ పని మానవద్దు.

ఇక మన శాస్త్రాల వైపు వద్దాము. నన్ను చూడవచ్చిన పెద్దలు కొందరు "ఏ జన్మలో ఏ పాపం చేసిందో" అంటూ ఉంటారు. కర్మ సిద్ధాంతాన్ని నేను కాదనను. కాని ఎదుటివారి వ్యాధిని చూసి వారి పాపాన్ని లెక్కకట్టే అధికారాన్ని ఆ సిద్ధాంతం మనకు ఇవ్వలేదు. కర్మ సిద్ధాంతం నా కర్తవ్యం నాకు చెబుతుంది. ఎదుటివాడు పడి ఉంటే అతని కర్మ ఏమిటని అడగడం నా కర్తవ్యం కాదు, లేవనెత్తడం నా కర్తవ్యం. రోగిని సేవించే అవకాశం వచ్చినవాడు ఇతరుల పూర్వజన్మను విచారిస్తూ కూర్చుంటే, తన ఈ జన్మ కర్తవ్యం జారిపోతుంది.

తర్కశాస్త్రం చదివే బాలుడికి తొలిరోజులలోనే ఒక విభాగం చెబుతారు. జ్ఞానం రెండు విధాలు, అనుభవము, స్మృతి. అనుభవం కలిగినప్పుడు ఆత్మలో ఒక సంస్కారం నిలుస్తుంది. ఆ సంస్కారం నుంచి తరువాత స్మృతి పుడుతుంది. అయితే సంస్కారం ఉన్నంత మాత్రాన స్మృతి కలగదు. దానిని మేల్కొల్పేది ఒకటి కావాలి. దానిని ఉద్బోధకం అన్నారు. ఏనుగును చూస్తే మావటివాడు జ్ఞాపకం రావడం లోకంలో చూస్తున్నాము. అక్కడ ఏనుగు ఉద్బోధకం.

ఈ పాఠాన్ని నేను ఎందరికో చెప్పాను. దాని ప్రయోజనం మా ఇంట్లో ప్రత్యక్షంగా చూస్తున్నాను. ఉదయం ఏమి తిన్నదో ఆమెకు తెలియదు. కాని ప్రక్కన కూర్చుని లలితా సహస్రనామం మొదటి నామం నేను అందిస్తే, తరువాతి నామాలు ఆమె నోట ధారగా వస్తాయి. చేతికి దూది ఇస్తే వత్తులు చేస్తుంది. చిన్నతనంలో పుట్టింట నేర్చిన పని అది. వేళ్ళకు తెలిసినది మనస్సుకు తెలియనక్కరలేదు. చేతులతో నేర్చిన పని, పాడిన పాట, కంఠస్థం చేసిన స్తోత్రం నిన్నటి సంగతుల కంటె చాలాకాలం నిలుస్తాయని వైద్యులు కూడా అంటున్నారు. కాబట్టి మీ ఇంట్లో ఇటువంటివారు ఉంటే, "నేనెవరో చెప్పు? వీడెవడో గుర్తుందా?" అని పరీక్ష పెట్టవద్దు. పరీక్ష వల్ల స్మృతి రాదు, అవమానం కలుగుతుంది. ఉద్బోధకాన్ని అందించండి. పాట, పువ్వు, తులసికోట, పాత ఫోటో, సాంబ్రాణి పొగ, ఏది మేల్కొలుపుతుందో వెదకండి.

కాళిదాసు శాకుంతలం మీరందరూ ఎరిగినదే. దుర్వాసుని శాపం వల్ల దుష్యంతుడు శకుంతలను మరచిపోయాడు. ఐదవ అంకం ప్రారంభంలో అంతఃపురం నుంచి హంసపదిక పాడిన పాట అతనికి వినిపిస్తుంది. అప్పుడు అతనికి ఏదో తెలియని వేదన కలుగుతుంది. ప్రియమైనవారి ఎడబాటు ఏదీ లేకపోయినా తన మనస్సు ఎందుకు ఇలా కలత చెందుతున్నదో అతనికి అర్థం కాదు. సంగతి పోయింది, సంగతితో పాటు ఉన్న ఆర్ద్రత పోలేదు. కాళిదాసు ఎంత సూక్ష్మంగా చూశాడో ఈ ఆరేళ్ళలో నాకు మరింత తెలిసింది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంవారు 2014లో ఆల్జీమర్స్ రోగులకు దుఃఖం కలిగించే దృశ్యాలను, సంతోషం కలిగించే దృశ్యాలను చూపించి పరిశీలించారు. చూసినది మరచిపోయిన తరువాత కూడా ఆ దుఃఖం, ఆ సంతోషం వారిలో నిలిచి ఉన్నాయి. దీని అర్థం గ్రహించండి. ఉదయం మీరు విసుక్కున్న మాటను ఆమె మరచిపోతుంది. ఆ మాట కలిగించిన బాధ ఆమెతో ఉండిపోతుంది. మీరు చేయి పట్టుకొని నడిపించిన సంగతి మరచిపోతుంది. ఆ నెమ్మది ఉండిపోతుంది. "ఎంత చేసినా ఏమి గుర్తుంటుంది" అని నిరాశపడేవారికి ఇదే నా సమాధానం.

ఇప్పుడు ఒక ధర్మసందేహం. మా ఆవిడ తరచు, "మా అమ్మ ఎప్పుడు వస్తుంది?" అని అడుగుతుంది. ఆమె తల్లి స్వర్గస్థురాలై నలభై ఏళ్ళు దాటింది. ఒకనాడు ఇంటికి వచ్చిన బంధువు ఒకరు సత్యమే చెప్పాలన్న పట్టుదలతో ఆ మాట చెప్పారు. ఆమె అప్పుడే కబురు విన్నట్టు విలపించింది. గంట గడచిన తరువాత మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ప్రతిసారీ సత్యం చెబితే, ప్రతిసారీ ఆమెకు తల్లి చనిపోవాలి. సత్యవ్రతానికి ఇది ఫలమా?

కర్ణపర్వంలో శ్రీకృష్ణుడు అర్జునునికి కౌశికుని కథ చెప్పాడు. కౌశికుడు ఎన్నడూ అసత్యమాడనని వ్రతం పట్టిన తపస్వి. దొంగలకు భయపడి కొందరు అతని ఆశ్రమ సమీపంలోని వనంలో దాగారు. దొంగలు వచ్చి అడిగితే అతడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వారు హతులయ్యారు. ఆ సత్యవచనం అతనికి పుణ్యం ఇవ్వలేదు, నరకం ఇచ్చింది. ప్రాణులకు హితమైనది ధర్మమని భగవానుని తాత్పర్యం. అలాగని నోటికి వచ్చిన అబద్ధం చెప్పమని నేను అనడం లేదు. ఆమె "అమ్మ ఎప్పుడు వస్తుంది" అన్నప్పుడు నేను, "మీ అమ్మగారు గోంగూర పచ్చడి ఎలా చేసేవారు?" అని అడుగుతాను. ఆమె చెబుతుంది. ఎర్ర గోంగూరే కావాలంటుంది, రోట్లోనే నూరాలంటుంది. తల్లి కావాలన్న ఆమె తపనకు ఆ మాటలలో కొంత శాంతి దొరుకుతుంది. ఇందులో అసత్యం లేదు. ఆమె అడిగిన మాట వెనుక ఉన్న ఆర్తికి జవాబు ఉంది.

మరొక సందేహాన్ని మన దేవాలయంలోనే ఒక భక్తుడు నన్ను అడిగారు. "అయ్యా, మా ఆవిడకు ఏమీ తెలియదు. సంకల్పంలో పేరు చెప్పలేదు, నా పేరే చెప్పలేదు. ఆమెతో కలిసి సత్యనారాయణ వ్రతానికి కూర్చోవచ్చునా?" అన్నారు. నేను ఆయనకు ఉత్తరకాండ జ్ఞాపకం చేశాను. శ్రీరాముడు అశ్వమేధానికి దీక్ష వహించినప్పుడు సీతమ్మ ప్రక్కన లేదు. బంగారు ప్రతిమను సహధర్మచారిణి స్థానంలో ఉంచి యజ్ఞం నిర్వర్తించాడు. ఆ ప్రతిమ సంకల్పం చెప్పలేదు, రాముణ్ణి గుర్తించలేదు. అయినా యజ్ఞం పూర్తి అయింది. ఊపిరి ఉన్న ఇల్లాలు, చేయి పట్టుకొంటే వెచ్చగా తగిలే ఇల్లాలు, ఆ ప్రతిమ కంటె తక్కువదా? నిశ్చింతగా కూర్చోమన్నాను. ఆమె మధ్యలో లేచిపోతే లేవనివ్వండి, అక్షతలు నోట పెట్టుకోబోతే మెల్లగా వారించండి. దేవుడు తప్పు పట్టడు.

ఉపవాసాల విషయం కూడా చెప్పాలి. ఏకాదశి నాడు రోగి చేత ఉపవాసం చేయించేవారిని, మాత్రలు మాన్పించేవారిని చూశాను. బాలురకు, వృద్ధులకు, రోగులకు ధర్మశాస్త్రం సడలింపు ఇచ్చింది. వ్రతభంగం కలిగించనివని పెద్దలు లెక్కించిన 8 వాటిలో ఔషధం ఒకటి. మందు వేయడం ఏ తిథి నాడూ మానవద్దు.

పురుషులతో ఒక మాట. భర్తను సేవించిన సతుల కథలు మనకు కంఠస్థం. సుకన్య వృద్ధుడూ అంధుడూ అయిన చ్యవన మహర్షిని సేవించిన కథను తన్మయులమై వింటాము. భార్యను సేవించే వంతు తనకు వస్తే మాత్రం కూతురి వైపో కోడలి వైపో చూస్తాము. ఆదిపర్వంలో రురుని కథ ఉంది. ప్రమద్వర పాముకాటుకు మరణిస్తే, రురుడు తన ఆయుర్దాయంలో సగం ఆమెకు ధారపోసి బ్రతికించుకొన్నాడు. ఈ కథ పురుషుల కోసమే ఉన్నదని నా విన్నపం. నేను 70 ఏళ్ళు దాటిన తరువాత జడ వేయడం నేర్చుకొన్నాను. కొబ్బరినూనె ఎంత రాయాలో, పాయ ఎలా తీయాలో మా అమ్మాయి నేర్పింది. స్నానం చేయించడం, పక్క మార్చడం, ముద్ద కలిపి పెట్టడం, ఇవి పాండిత్యానికి చిన్నతనం తెచ్చే పనులు కావు.

ఆ కథలోనే మరొక సూక్ష్మం ఉంది. రురుడు ఇచ్చింది సగమే. రెండవ సగం తన వద్ద ఉంచుకొన్నాడు. ఉంచుకొన్నాడు కనుకనే ఆమెతో కలిసి జీవించగలిగాడు. సేవ చేసేవారు నిద్ర మాని, మందులు మాని, గుడికి రావడం మాని మంచం పడితే ఆ ఇంట ఇద్దరు రోగులవుతారు. సాయం అడగడానికి సిగ్గుపడవద్దు. జీతానికి మనిషిని పెట్టుకోవడం ప్రేమ తగ్గినందుకు గుర్తు కాదు. ఇంట్లో సాకలేని దశ వచ్చి, మంచి సంరక్షణ కేంద్రంలో చేర్చవలసివస్తే దానిని పరిత్యాగం అనవద్దు. చేర్చిన తరువాత వెళ్ళి చూడకపోతే అది పరిత్యాగం. కేంద్ర ప్రభుత్వం వయోవృద్ధుల కోసం ఏర్పాటు చేసిన ఎల్డర్‌లైన్ 14567కి ఫోను చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమం కోసం 2007లో చట్టం కూడా వచ్చింది. చట్టం అన్నం పెట్టించగలదు. ప్రక్కన కూర్చోబెట్టలేదు. అది మనం చేయవలసిన పని.

యాత్రికులకు కొన్ని సూచనలు. ఇటువంటి పెద్దలను దర్శనానికి తీసుకొని రావడం మానవద్దు, కాని పర్వదినాల రద్దీలో తీసుకొని రావద్దు. ఉదయం రద్దీ లేని వేళ మంచిది. పేరు, ఊరు, ఇంటివారి ఫోను నంబరు వ్రాసిన చీటీ వారి దుస్తులలో కుట్టి ఉంచండి. బయలుదేరే ముందు ఫోనులో వారి ఫోటో తీసుకోండి, ఆనాటి దుస్తులు అందులో కనిపించాలి. వరుసలో ఒక్క క్షణం కూడా చేయి వదలవద్దు. కేశఖండనానికి, చెప్పులు విడవడానికి వెళ్ళేటప్పుడు ఒకరు తప్పక దగ్గర ఉండాలి. వ్యాధి ముదిరినవారికి మ్రింగడం కష్టమవుతుంది. ప్రసాదం కొద్ది కొద్దిగా, కూర్చోబెట్టి పెట్టండి.

దాతలకు ఒక విన్నపం. మీరు అన్నదానం చేస్తున్నారు, గోదానం చేస్తున్నారు. దానితో పాటు ఒక పూట దానం చేయండి. మీ వీధిలో ఇటువంటి ఇల్లు ఉంటుంది. వారానికి ఒకసారి వెళ్ళి, "అమ్మా, రెండు గంటలు అయ్యగారి దగ్గర నేను కూర్చుంటాను, మీరు గుడికి వెళ్ళి రండి" అని అనండి. ఆ మాట కోసం ఆ ఇల్లాలు ఎన్ని నెలలుగా ఎదురుచూస్తున్నదో మీకు తెలియదు. ట్రస్టువారు కూడా మండపంలో ఒక ప్రక్క నీడలో, నాలుగు కుర్చీలతో ఇటువంటివారు కూర్చుని వత్తులు చేయడానికి, పూలు గుచ్చడానికి చోటు కల్పిస్తే బాగుంటుందని సవినయంగా మనవి చేస్తున్నాను. ఆ వత్తులు గర్భాలయంలో వెలుగుతాయి.

చివరగా, మొదట వేసిన ప్రశ్నకు వస్తాను. గుర్తించలేనప్పుడు దాంపత్యం ఏమవుతుంది? మన వివాహంలో ఏడడుగులు నడుస్తాము. ఏడవ అడుగు సఖ్యానికి. మొదటి అడుగులు అన్నానికి, బలానికి, సంతానానికి, సంపదకు. అవన్నీ వయస్సుతో వచ్చి వయస్సుతో పోయేవే. ఏడవ అడుగును అన్నిటికీ చివర ఎందుకు ఉంచారో నాకు ఇప్పుడు తోస్తున్నది. మిగిలినవి పోయిన తరువాత నిలవవలసింది అది. ఆ అడుగు వేసినప్పుడు 'నీవు నన్ను గుర్తుంచుకొన్నంత కాలం' అని మనం అనలేదు. అగ్నిసాక్షిగా మాట ఇచ్చినవారు ఇద్దరు. ఒకరు మరచిపోయినా మాట రద్దు కాదు. రెండవవారి వద్ద అది భద్రంగా ఉంటుంది. ఇద్దరూ మరచిపోయిన నాడు, సాక్షిగా ఉన్న అగ్నిహోత్రుడు మరువడు.

పగటి పెళ్ళిళ్ళలో పురోహితుడు ఆకాశం వైపు వేలు చూపించి "అరుంధతి కనిపించిందా అమ్మా" అంటే, పెళ్ళికూతురు ఏమీ కనపడకపోయినా తల ఊపుతుంది. మనమంతా నవ్వుకుంటాము. మా పెళ్ళిలోనూ అదే జరిగింది. ఎండలో నక్షత్రం కనపడలేదని ఎవరైనా లేదన్నారా? మా ఆవిడకు నేను ఇప్పుడు పంతులుగారినే. ఆమె నాకు ఆనాటి సహధర్మచారిణే. రేపు ఉదయం మళ్ళీ మొదటి నామం అందించాలి, జడ వేయాలి, వత్తులకు దూది తీసి ఉంచాలి.

ఇటువంటి ఇళ్ళలో సేవ చేస్తున్న ప్రతి ఒక్కరికీ స్వామి ఓర్పును, మంచి నిద్రను, ఒక తోడును అనుగ్రహించుగాక. స్వస్తి.